చుక్కల బకెట్టు

వరండా పిట్టగోడ మీద స్టీలు పళ్లెం, పళ్లెంలో ఎండుతున్న నక్షత్ర చేపలు. ఒక్కోటి చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. నీళ్లలో ఉన్నంతసేపూ బూడిదరంగులో మెత్తగా కదులుతుంటాయి. ఎండ తగిలిన కాసేపటికే కాళ్లు పైకి ముడుచుకుని, ఆరబెట్టి మరిచిపోయిన వడియం తునకల్లా తయారవుతాయి. వాటిని ఆ ఇంట్లో అందరూ చుక్కలనే అనేవాళ్లు.

అచ్యుత్‌కు ఇప్పుడు అదే ఉద్యోగం. పొద్దున్నే టీ తాగి ద్వారకానాథ్ గారి హాల్లోకి వచ్చి, గోడ పొడుగునా ఉన్న అద్దాల తొట్టి పక్కన స్టూలెక్కి, మోచేతి దాకా చెయ్యి ఉప్పునీళ్లలోకి దించి, పట్టకారుతో చుక్కల్ని రాతి మీంచి పీకుతాడు. అవి ఊరికే ఊడిరావు. కడుపు కింద దారప్పోగుల్లాంటివేవో ఉంటాయి, వాటితో రాయిని కరుచుకుని ఉంటాయి. గట్టిగా లాగితే ఒక కాలు రాయికే ఉండిపోయి తక్కినది చేతికొస్తుంది. అలా మిగిలిపోయిన ముక్కే కొన్నాళ్లకు మిగతా కాళ్లు మొలిపించుకుని ఇంకో చుక్క అవుతుందని అచ్యుత్‌కు మొదట్లో తెలియదు. తెలిశాక కూడా ఎవరికీ చెప్పలేదు.

ద్వారకానాథ్ గారిది గుడివాడ. సిడ్నీకి వచ్చి చాలా ఏళ్లయింది. పెండిల్ హిల్‌లో ఇల్లు కొన్నాడు, ఇంటిమీదే ఒక కంపెనీ పెట్టాడు. రెండువేల సంవత్సరం వచ్చేసరికి కంప్యూటర్లు తారీఖులు తప్పుతాయని లోకమంతా హడలిపోయిన రోజుల్లో, ఆ తారీఖుల్ని దిద్దడానికి ఆంధ్రా నుంచి కుర్రాళ్లను తెప్పించి బ్యాంకులకూ ఇన్సూరెన్సు కంపెనీలకూ గంటల లెక్కన పంపించేవాడు. అప్పుడు గరాజ్ నిండా పరుపులే. చెప్పులు గుమ్మం బయటికి పొంగి వచ్చేవి. కొత్త సంవత్సరం వచ్చింది. ఏమీ కాలేదు. దీపాలు దీపాల్లాగే వెలిగాయి. నెల తిరగకుండానే క్లయింట్లంతా దండాలు పెట్టి పంపించేశారు. కుర్రాళ్లు ఒకరి తరవాత ఒకరు విమానమెక్కారు. చివరికి గరాజ్‌లో ఇద్దరు మిగిలారు. ఒకడు తెనాలి వైపు అచ్యుత్. రెండోవాడు ప్రొద్దుటూరు నిస్సార్ అహ్మద్.

వాళ్ల వీసాలు ద్వారకానాథ్ గారి చేతిలో ఉన్నాయి. ఆయన తన మనుషులే అన్నంతకాలం ఉండొచ్చు, కాదన్న రోజు మూటాముల్లే సర్దుకోవాలి. పారమట్టాలో ఒక క్లయింటు దగ్గర ఒకే ఒక్క సీటు ఖాళీ అవుతుందని ఆయన చెప్పి చాలా రోజులైంది. ఎవరిని పంపుతాడో మాత్రం చెప్పలేదు. ఈలోపు ఇద్దరూ లాన్ కొట్టారు, కార్లు కడిగారు, కంచెకు రంగు వేశారు.

అలా ఉండగా తొట్టిలో చుక్కలు పుట్టాయి. కొత్త రాయి ఏదో కొనితెచ్చి పెడితే దాంతో వచ్చాయి. మొదట అద్దం మీద ఒకటి కనిపిస్తే ద్వారకానాథ్ గారు ముచ్చటపడి భార్యను పిలిచి చూపించాడు కూడా. తరవాత రాళ్లన్నీ వాటితో నిండిపోయాయి. ఆకుపచ్చ బొత్తాల్లా విచ్చుకునే పగడాలంటే ఆయనకు ప్రాణం. అవి ఒక్కొక్కటే ముడుచుకుపోవడం మొదలుపెట్టాయి. ముడుచుకున్న ప్రతి దాని మీదా ఒక చుక్క బోర్లా పడుకుని ఉండేది.

ఒక ఆదివారం భోజనాలకు స్నేహితులొచ్చినప్పుడు ఆయన ప్లేటు పట్టుకుని తొట్టి ముందు నిలబడి అన్నాడు, "పనిలేక మా బెంచ్ మీద ఇద్దరు ఇంజినీర్లున్నారండీ. లోకంలో బగ్గులన్నీ ఏరారు. నా తొట్టిలో చుక్కలు ఏరలేకపోతున్నారు."

అందరూ నవ్వారు.

"వీటిని ఎవడు మాయం చేస్తే పారమట్టా సీటు వాడికే."

మళ్లీ నవ్వారు. వడ్డిస్తున్న నిస్సార్ కూడా నవ్వాడు. అచ్యుత్ నవ్వలేదు. ఆయన నలుగురిలో నవ్వుతూ అన్నమాటే చేస్తాడని అతనికి తెలుసు. అంతకు ముందు ఒక వంగోలు కుర్రాణ్ణి ఇలాగే, "నీ సాంబారు బాగోలేదయ్యా, ఇంటికెళ్లి మీ అమ్మ దగ్గర నేర్చుకో" అని నవ్వుతూ అన్నాడు. ఆ వారమే వాడు వెళ్లిపోయాడు.

అచ్యుత్ భార్య భానుశ్రీ తెనాలిలో ప్రైవేటు స్కూల్లో టీచరు. పెళ్లయ్యాక ఇద్దరూ కలిసి ఉన్నది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వారానికోసారి స్టేషను బయట ఫోను డబ్బాలోంచి కార్డు గీకి మాట్లాడేవాడు. ప్రతిసారీ ఆమె ఒకటే అడిగేది.

"హెడ్‌మిస్ట్రెస్ అడుగుతోందండీ. వచ్చే ఏడాదికి ఉంటానా ఉండనా అని. ఏం చెప్పను?"

"చెబుతాలే. ఇంకో వారం ఆగు."

ఆ సీటు వస్తే ఆమె వస్తుంది. రాకపోతే తనే వెళతాడు. అంతే.

ఆ ఆదివారం మర్నాటి నుంచి స్టూలు వేసుకుని కూర్చున్నాడు. చేతులు ఉప్పుకు పగిలాయి. ద్వారకానాథ్ గారు ఆఫీసు గదిలోంచి వస్తూ పోతూ పళ్లెం వైపు చూసి, "బావుందయ్యా" అనేవాడు. ఆ మాట కోసం అచ్యుత్ చెవులు అటే పెట్టి ఉంచేవాడు. రాళ్లు తేటపడుతూ వచ్చాయి. చుక్కలు సగానికి సగం తగ్గాయి. అప్పుడొక భయం పట్టుకుంది. పారమట్టా వాళ్లు ఇంకా కబురు పంపలేదు. చుక్కలు అయిపోయి సీటు రాకపోతే, తను ఈ హాల్లో ఎందుకున్నట్టు?

బ్యాంకులో పని చేసేటప్పుడు వాళ్ల టీమ్ లీడ్, అతనూ ద్వారకానాథ్ గారి మనిషే, ఒక మాట అనేవాడు. "అన్నీ ఇవాళే దిద్దేస్తే రేపేం తింటావు తమ్ముడూ? నాలుగు వదిలెయ్." అది గంటల పని. అయిపోగొట్టినవాడు ముందు ఇంటికి పోతాడు. అందుకే అందరూ ఎప్పుడూ నాలుగు వదిలేవాళ్లు. అది తప్పని ఎవరికీ తోచలేదు. పని నేర్చుకున్నట్టే అదీ నేర్చుకున్నారు.

అచ్యుత్ నాలుగు వదలడం మొదలుపెట్టాడు. కనపడే రాళ్ల మీద ఏరాడు, వెనకవైపువి వదిలాడు. వదలడమే కాదు, చేతికందిన వాటిని గోటితో నడిమికి తుంచి, రాయి సందులోకి జారవిడిచేవాడు. ఒకటి రెండవుతుంది. పళ్లెంలో రోజూ ఎండేవి ఎండుతూనే ఉన్నాయి, తొట్టిలో ఉండేవి ఉంటూనే ఉన్నాయి. "ఏమయ్యా, తగ్గినట్టే తగ్గి ఆగాయేం?" అని ద్వారకానాథ్ గారు అడిగితే, "మొండివి సార్. టైము పడుతుంది" అన్నాడు.

ఇదంతా తెలియని నిస్సార్ ఒక మధ్యాహ్నం చేతిలో నీళ్ల సంచితో వచ్చాడు. ప్లాస్టిక్ సంచి, మూతికి రబ్బరు బ్యాండు, లోపల రెండు రొయ్యలు.

"ఏంటి భాయ్ ఇవి?"

"నువ్వు పడే పాట్లు సూడలేక తెచ్చినాన్నా. బ్లాక్‌టౌన్‌లో చేపల అంగడి ముసలామె ఇచ్చింది. సూడు ఎట్లుండాయో."

పాలమీగడ లాంటి ఒళ్లు, దానిమీద నీలం, ఊదా మచ్చలు, మచ్చలకు సన్నటి అంచు. ముందరి కాళ్లు చేటల్లా వెడల్పుగా ఉన్నాయి. ఆడది కాస్త పెద్దది. రెండూ ఒకదాన్నొకటి వదలకుండా పక్కపక్కనే ఆనుకుని ఉన్నాయి. శేషుకుమారి, ద్వారకానాథ్ గారి భార్య, వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది.

"అమ్మో, పట్టుబట్టలు కట్టుకున్న కొత్త దంపతుల్లా ఉన్నాయే."

"చుక్కల్ని ఇవే తినేస్తాయక్కా" అన్నాడు నిస్సార్.

వదిలారు. రెండూ కాసేపు రాతి చాటున నక్కి, తరవాత కొమ్ములు ఊపుకుంటూ బయటికొచ్చాయి. ఒక చుక్కను కనిపెట్టాయి. ఆడది దాని అంచు పట్టుకుని లేపింది, మగది అవతలి నుంచి తోసింది. చుక్క వెల్లకిలా పడింది. దారప్పోగుల కాళ్లన్నీ గాల్లో కొట్టుకున్నాయి. రెండూ దాన్ని గూట్లోకి ఈడ్చుకుపోయి ఒక కాలి చివర మొదలుపెట్టి తినసాగాయి. మర్నాడు చూస్తే ఆ చుక్కకు ఇంకా మూడు కాళ్లున్నాయి. ఆ మూడింటితోనే పాకి పోబోతే మగది నింపాదిగా వెళ్లి మళ్లీ తిరగేసింది.

"ఎందుకట్లా? ఒక్కసారే తినెయ్యొచ్చుగా?" అంది శేషుకుమారి.

"ముసలామె చెప్పిందక్కా. సస్తే కుళ్లిపోతదంట. బతికుంటేనే తాజాగా ఉంటదని చివర్నుంచి తింటాయంట. నడుమ ముట్టుకోవంట."

ద్వారకానాథ్ గారు ఆ రొయ్యల ముందు కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. వచ్చినవాళ్లకు చూపించేవాడు. "మా నిస్సార్ తెచ్చాడు. బుర్రున్నవాడు. అచ్యుత్ నెల్లాళ్లు చేతులు నానేసుకున్నాడు, వీడు సంచి విప్పి వదిలాడు, అంతే." ఆ మాటకు అందరూ అచ్యుత్ చేతుల వైపు చూసేవాళ్లు.

సీటు ఎటు పోతోందో అచ్యుత్‌కు అర్థమైంది.

నిస్సార్ మంచివాడు. వండితే ముందు అచ్యుత్‌కు పెట్టి తరవాత తను తినేవాడు. అచ్యుత్‌కు జ్వరమొస్తే పక్కన కూర్చుని తడిగుడ్డ వేశాడు. అచ్యుత్ అవేవీ మరిచిపోలేదు. మరిచిపోకుండానే ఆలోచించాడు.

ఆ వారంలోనే ద్వారకానాథ్ గారు నిస్సార్‌ను టూవూంబా అనే దూరపు ఊరికి పంపించాడు. అక్కడ ఆయన స్నేహితుడైన డాక్టరొకాయన కొత్తగా క్లినిక్కు పెట్టుకుంటున్నాడు, కంప్యూటర్లు బిగించి, నెల్లాళ్లుండి నడిపించి రావాలి. బస్సెక్కే ముందు నిస్సార్ గరాజ్‌లో ఫ్రిజ్ తలుపు తీసి చూపించాడు. పైగదిలో, ఐసుముక్కల పక్కన, సంచిలో గడ్డకట్టిన పెద్ద నక్షత్ర చేప ఒకటుంది. అరచెయ్యంత ఉంది.

"అన్నా, ఒక మాట. ఇవి చుక్కలు తప్ప ఇంకేం తినవంట. మేత, పురుగు, చేప, ఏదీ ముట్టవు. తొట్లో చుక్కలైపోతే ఆకలికి సచ్చిపోతాయి. అందుకే దీన్ని తెచ్చి పెట్టినా. అయిపోతున్నాయనిపిస్తే ఒక కాలు కోసి ఏస్తే సాలు, సానా రోజులొస్తది. సారుకు చెప్పలా, ఫ్రిజ్‌లో ఏందిదని గోల చేస్తాడని. నువ్వు సూసుకుంటావు గదా?"

"చూసుకుంటాలే భాయ్. నువ్వు పోయి రా."

బస్సు పోయాక అచ్యుత్ తిరిగొచ్చి ఫ్రిజ్ తెరిచి, ఆ సంచి తీసి, పాత పేపర్లో చుట్టి, వీధి చివరి చెత్తడబ్బాలో వేశాడు. చేతులు కడుక్కుని స్టూలు వేసుకున్నాడు.

అంతకు ముందెన్నడూ అలా పని చేయలేదు. సందుల్లోకి సన్నటి ట్యూబు దూర్చి పీల్చాడు. రాళ్లు ఒక్కొక్కటే పైకి లేపి, వెనకవైపు అద్దం పెట్టి చూసి మరీ ఏరాడు. తను తుంచి దాచినవాటిని కూడా ఏరాడు. ఈసారి పళ్లెంలో ఎండబెట్టలేదు. గరాజ్ వెనక, బట్టలారేసే తీగ దగ్గర, గోడకు బిగించిన వేడినీళ్ల డబ్బా చాటున ఒక తెల్ల బకెట్టు పెట్టాడు. దాంట్లో తొట్టి నీళ్లు, ఒక రాయి, గాలి బుడగల చిన్న మోటారు. చుక్కలన్నీ అందులోకి చేరాయి. పైన మూత.

తొట్టి అద్దంలా తయారైంది. ద్వారకానాథ్ గారి పగడాలు విచ్చుకున్నాయి.

"శభాష్" అన్నాడాయన. "ఒక్కటి కూడా లేదుగా."

"రొయ్యలే తినేశాయి సార్. నేను పైపైన సాయం చేశానంతే."

రొయ్యలు మొదట్లో మామూలుగానే తిరిగాయి. తరవాత వెతకడం మొదలుపెట్టాయి. గూట్లోంచి బయటికొచ్చి రాళ్లన్నీ కొమ్ములతో తడిమేవి. ఏమీ దొరక్క, చిన్న చిన్న గులకరాళ్లను పట్టుకుని, చుక్కను తిరగేసినట్టే తిరగేసి చూసేవి. ఆడది అంచు లేపేది, మగది తోసేది. రాయి పొర్లేది. దాన్ని గూట్లోకి ఈడ్చుకుపోయి, కాసేపటికి వదిలేసి, మళ్లీ ఇంకో రాయి. అచ్యుత్ స్టూలు మీద కూర్చుని ఇదంతా చూశాడు. నిస్సార్ వచ్చేలోపు అయిపోతే బావుండుననుకున్నాడు.

శేషుకుమారికి అనుమానం వచ్చింది. "దంపతులు చిక్కిపోయినట్టు లేవూ? రంగు కూడా పోయింది. ఏమన్నా వెయ్యాలేమో అచ్యుత్."

"రాళ్ల అడుగున బోలెడు చుక్కలున్నాయక్కా. చీకటి పడ్డాక తింటాయవి. మనకు కనపడవు."

"అలాగా" అందామె. కానీ వెళ్లలేదు. కాసేపు నిలబడి చూసింది. మగది అద్దం దగ్గరకొచ్చి, ఆమె బొటనవేలు ఆనించిన చోట అవతలి నుంచి కొమ్ములతో తడిమింది.

మగది ముందు పోయింది. ఆడది దాన్ని వదల్లేదు. చేటల్లాంటి చేతుల్తో పట్టుకుని గూటి వాకిట్లో నిలబడి ఉండేది. నీటి వాలుకు మగదాని శవం కొట్టుకుపోతే వెళ్లి మళ్లీ తెచ్చుకునేది. సరిగ్గా ఆదివారం నాడు, నలుగురూ తొట్టి ముందు చేరినప్పుడు, ఆడది పక్కకు ఒరిగింది.

ద్వారకానాథ్ గారి మొహం కందగడ్డలా అయింది. తొట్టి పోయినా ఆయన అంత బాధపడేవాడు కాదేమో, నలుగురి ముందు పోవడమే ఆయన తట్టుకోలేకపోయాడు.

"రోగిష్టి సరుకు అంటగట్టాడు వెధవ. నా తొట్టికి ఏ జబ్బు తెచ్చిపెట్టాడో ఏమో. బుర్రున్నవాడనుకున్నాను."

అచ్యుత్ తలొంచుకుని, "వాడికి తెలియదులెండి సార్. మంచి మనసుతోనే తెచ్చాడు" అన్నాడు. ఆ మాట బాగా కుదిరింది. వచ్చినవాళ్లలో ఒకాయన, "మీ కుర్రాడు నెమ్మదస్తుడండీ" అన్నాడు కూడా.

మర్నాడు ద్వారకానాథ్ గారు పిలిచి, పారమట్టా వాళ్లు కబురు చేశారనీ, వచ్చే వారం ఇంటర్వ్యూ అనీ, అది పేరుకేననీ, నువ్వే వెళుతున్నావనీ చెప్పాడు. అచ్యుత్ స్టేషనుకు నడిచి వెళ్లి ఫోను చేశాడు.

"రాజీనామా ఇచ్చెయ్" అన్నాడు.

 అవతల భానుశ్రీ ముక్కు ఎగబీల్చుకున్న చప్పుడు వినిపించింది. తరవాత, "మరి కందిపొడి తేవచ్చా అక్కడికి? కస్టమ్స్ వాళ్లు పారేస్తారట కదా" అంది.

ఇక ఆ బకెట్టు అవసరం లేదు. తీసుకెళ్లి డ్రెయిన్లో వంపేస్తే సరిపోయేది. వెనక్కి వెళ్లి మూత తీసి చూశాడు. రాయి కనపడకుండా కమ్ముకుని ఉన్నాయి చుక్కలు. బకెట్టు చెవి పట్టుకుని పైకి లేపాడు. ఇంటర్వ్యూ ఇంకా కాలేదు కదా అనిపించింది. ఒకవేళ వాళ్లు వద్దంటే? మళ్లీ తొట్టిలో చుక్కలు కనపడితే, మళ్లీ తను కావాలి. నాలుగు ఉంచుకుంటే తప్పేముంది? బకెట్టు మళ్లీ కింద పెట్టి మూత వేశాడు. ఇన్నేళ్లూ నేర్చుకున్న పని అది. వదులుకోవడం చేతకాలేదు.

రెండు రోజులకు శేషుకుమారి దుప్పట్లు ఉతికింది. నానబెట్టడానికి బకెట్టు చాలక వెనక్కి వెళ్లి, వేడినీళ్ల డబ్బా చాటున తెల్ల బకెట్టు చూసి, మూత తీసింది.

ఆమె అరవలేదు. మూత మళ్లీ పెట్టలేదు కూడా. తీగ మీద ఒక దుప్పటి పూర్తిగా ఆరేసి, క్లిప్పులు పెట్టి, లోపలికి వెళ్లింది. ద్వారకానాథ్ గారు అన్నం తింటున్నాడు. పెరుగు వడ్డిస్తూ చెప్పింది.

"మీ కొత్త దంపతులు జబ్బుతో పోలేదు. వాటి అన్నం అంతా గరాజ్ వెనక బకెట్లో ఉంది. చీకటి పడ్డాక తింటాయని నాతో చెప్పాడు. నేను నమ్మాను."

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చాడు. అచ్యుత్ కారు తుడుస్తున్నాడు. ఆయన పిలవలేదు. వెనక్కి వెళ్లి తనే బకెట్టు మోసుకుని వచ్చి అతని కాళ్ల దగ్గర పెట్టాడు. నీళ్లు అంచు దాటి అచ్యుత్ పాదాల మీద పడ్డాయి.

అచ్యుత్ గుడ్డ పిండుతూ ఉండిపోయాడు.

ద్వారకానాథ్ గారు తిట్టలేదు. బకెట్లోకి వంగి చూసి, నవ్వాడు. నిజంగానే నవ్వాడు.

"ఎవరి దగ్గర నేర్చుకున్నావయ్యా ఇది? మా దగ్గరే కదూ. నాలుగు వదిలిపెట్టడం. నేను బతికిందే దానిమీద."

"సార్..."

"నువ్వు తెలివైనవాడివే. కానీ క్లయింటు దగ్గర ఇలాంటి బకెట్టు దొరికిందనుకో, పోయేది నా పేరు. అందుకని పారమట్టాకు నిస్సార్ వెళతాడు. వాడికి బకెట్లు దాచడం రాదు."

"సార్, మా ఆవిడ రాజీనామా ఇచ్చేసింది సార్."

"అయ్యో, నిన్ను పంపించేస్తానని ఎవరన్నారు?" ఆయన అతని భుజం మీద చెయ్యి వేశాడు. "రా లోపలికి."

హాల్లోకి తీసుకెళ్లి, బకెట్టు అతని చేతే ఎత్తించి, తొట్టిలో బోర్లించమన్నాడు. అచ్యుత్ బోర్లించాడు. చుక్కలు మంచు రాలినట్టు నెమ్మదిగా దిగి రాళ్లమీదా, పగడాలమీదా కూర్చున్నాయి. విచ్చుకున్న ఆకుపచ్చ బొత్తాలు చప్పున ముడుచుకున్నాయి.

"ఇవి ఉన్నంతకాలం నువ్వు నా మనిషివే. వీసా ఎక్కడికీ పోదు. ఏరుకో. ఆఖరిది ఏరిన రోజు టికెట్టు కొనిస్తాను. తొందరేం లేదు."

ఆయనకు ఇష్టమైన పగడాలు పోతాయి. పోయినా ఫరవాలేదనుకున్నాడు. అచ్యుత్ స్టూలు మీద కూర్చుని ఉండగా చూడటం ఆయనకు అంతకన్నా బావుంది. ఆదివారాలు వచ్చినవాళ్లకు ఇప్పుడు రొయ్యల బదులు అతన్ని చూపించేవాడు. కథ మొత్తం చెప్పేవాడు. "ఎంతవరకొచ్చింది అచ్యుత్?" అని అడిగితే, "ఇంకా ఉన్నాయి సార్" అనాలి. అందరూ నవ్వేవాళ్లు. శేషుకుమారి మాత్రం నవ్వేది కాదు. అతనికి పెట్టే కంచం బల్ల మీద చప్పుడయ్యేలా పెట్టి వెళ్లేది.

అతను రోజుకు కాసిని ఏరేవాడు. ఏరినన్నే గోటితో తుంచి వదిలేవాడు. వేళ్ల సందుల్లో పుళ్లు పడ్డాయి. ఫోనులో భానుశ్రీకి కాగితాలు ఆలస్యమవుతున్నాయని చెప్పాడు. "స్కూల్లో నా చోట వేరే అమ్మాయి చేరిపోయిందండీ" అందామె. "నేను ఇంట్లోనే ఉంటున్నా. సర్దిన పెట్టె సర్దినట్టే ఉంది." ఆ పెట్టె అలా ఉన్నంతకాలం ఆమెకు ఆశ ఉంటుంది, చుక్కలున్నంతకాలం తనకు.

నిస్సార్ టూవూంబా నుంచి వచ్చి, నేరుగా పారమట్టా ఉద్యోగంలో చేరి, హ్యారిస్ పార్క్‌లో గది తీసుకున్నాడు. గరాజ్‌లో తన సామాను తీసుకున్న రోజు ఫ్రిజ్ పైగది తెరిచి చూశాడు. మళ్లీ మూశాడు. ఏమీ అడగలేదు. 

మొదటి జీతం అందిన ఆదివారం నిస్సార్ ఇస్త్రీ చొక్కా వేసుకుని స్వీట్ల డబ్బాతో వచ్చాడు. ద్వారకానాథ్ గారికి ఇచ్చి, శేషుకుమారికి నమస్కారం పెట్టి, రెండో చేతిలోని సంచి పైకెత్తాడు. నీళ్ల సంచి. రబ్బరు బ్యాండు. లోపల పాలమీగడ రంగు, నీలం మచ్చలు.

"ఈసారి సానా ఆకలి మీదుండేవి ఏరి ఇమ్మన్నాన్నా ముసలామెను" అన్నాడు అచ్యుత్‌ను చూస్తూ. గొంతు మామూలుగానే ఉంది. "పోయినసారివి తిండి లేక సచ్చిపోయినాయి. ఇప్పుడు నీ తొట్లో తిండికేం కరువు లేదంట గదా."

 ద్వారకానాథ్ గారు ముందు నిస్సార్‌ను, తరవాత అచ్యుత్‌ను చూశాడు. మెల్లగా ఆయన మొహం వెలిగింది.

"వెయ్యవయ్యా" అన్నాడు అచ్యుత్‌తో. "పాపం నీకోసం తెచ్చాడు."

అచ్యుత్ సంచి అందుకున్నాడు. ఆ ఎండలో, ఆ పిట్టగోడ మీద పెట్టేస్తే అవి చావడానికి ఎంతసేపు పడుతుందో అతనికి తెలుసు. గుమ్మం వైపు చూశాడు. గుమ్మానికి ఆనుకుని నిస్సార్ నిలబడి ఉన్నాడు.

సంచిని నీళ్ల మీద తేలనిచ్చాడు. లోపలి నీళ్లూ బయటి నీళ్లూ ఒకే వేడికి వచ్చేదాకా ఆగాలి. ఆగాడు. ఆ కాసేపూ అందరూ మైసూర్‌పాకు తిన్నారు. తరవాత రబ్బరు బ్యాండు విప్పి సంచి వంచాడు.

ఈ జంట నక్కలేదు. నేరుగా రాతి మీదికి దిగి, మొదటి చుక్క అంచు పట్టుకుంది. ఆడది లేపింది, మగది తోసింది. అది నిన్న అచ్యుత్ తుంచి వదిలిన సగం చుక్కే. వెల్లకిలా పడి, ఉన్న కాళ్లే గాల్లో ఆడించింది.

"ఎన్నాళ్లకు అయిపోతాయంటావ్ అచ్యుత్?" అన్నాడు ద్వారకానాథ్ గారు, కుర్చీ దగ్గరికి జరుపుకుంటూ.

అచ్యుత్ చేతులు తువ్వాలుతో తుడుచుకుని, స్టూలు దిగి, పక్కన నిలబడ్డాడు.

"వీటికి తొందరుండదు సార్. బతికుంచుకునే తింటాయి."